హైదరాబాద్ ఫుట్‌బాల్‌లో మీ ఆల్‌టైమ్ ఐదుగురు ఎవరు? కోల్‌కతా వెళ్లిపోయినవాళ్లను కలపాలా?

బొల్లారం బ్యాక్:

అందరికీ నమస్కారం. మన హైదరాబాద్ ఫుట్‌బాల్‌లో మీకు ఎప్పటికీ ఇష్టమైన ఐదుగురు ఆటగాళ్లు ఎవరు? పేర్లు మాత్రమే రాసి వదిలేయకండి, ఎందుకిష్టమో కూడా చెప్పండి. నాకు ఇందులో ఒక చిక్కుముడి ఉంది. అది చివర్లో చెప్తాను.

నేను పుట్టి పెరిగింది బొల్లారంలో, ఇప్పుడు నలభై ఆరేళ్లు. నాకు ఈ పిచ్చి అంటించింది మా తాత. రైల్వేలో పనిచేసేవాడు. ఫతే మైదాన్‌లో పోలీస్ జట్టు ఆట ఉందంటే ఎవరినో బతిమాలి డ్యూటీ మార్చుకుని మరీ వెళ్లేవాడట. నాకు ఊహ తెలిసేసరికి ఆ రోజులన్నీ అయిపోయాయి. కానీ రాత్రి అన్నాలయ్యాక మా ఇంట్లో చాప మీద ఆ మ్యాచ్‌లు మళ్లీ జరిగేవి. తాత స్టీలు గ్లాసులు బోర్లించి వరసగా పెట్టేవాడు. బంతికి బదులు చింతగింజ. ఇది అజీజ్, ఇది నూర్, ఇది లతీఫ్ అంటూ ఒక్కో గ్లాసు మీద వేలు పెట్టి చెప్పేవాడు. చింతగింజను నూర్ గ్లాసు దగ్గర్నుంచి ముందుకు తోస్తూ, "చూడు, కొట్టలేదు, ఇచ్చాడు" అనేవాడు. అజీజ్ గ్లాసును మాత్రం నన్ను కదపనిచ్చేవాడు కాదు. "అజీజ్ ఊరికే ఉరకడురా, బంతి ఎక్కడికొస్తుందో ముందే తెలుసు ఆయనకి" అనేవాడు. అమ్మ గ్లాసులు కడగాలని వచ్చి అడిగితే, ఇంకో అయిదు నిమిషాలుందనేవాడు.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచింది. 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్లో ఓడించింది కోల్‌కతా క్లబ్బు మోహన్ బగాన్‌ని. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. దేశం జట్టుకూ ఆయనే కోచ్. 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన చేతి మీదుగా వచ్చినవే.

రహీం సాబ్ మామూలు టోర్నమెంట్లతో సరిపెట్టలేదు. కుడికాలివాటం ఉన్నవాళ్లు ఎడమకాలితోనే ఆడాలన్న రూలుతో పోటీలు పెట్టేవారు. డ్రిబ్లింగ్ లేకుండా, బంతి రాగానే పాస్ ఇచ్చేయాలన్న పోటీలు కూడా ఉండేవి. ఈ సంగతి తాత చెప్పాక నేను ఒక వేసవి మొత్తం మా ఇంటి వెనక గోడకు ఎడమకాలితోనే బంతి కొట్టాను. మొదటి వారం బంతి గోడకు తగలడం కన్నా పక్కింటి మందారచెట్టులోకి పోయిందే ఎక్కువ. బడులు తెరిచే నాటికి పదిలో ఏడు సరిగ్గా తగిలేవి. పెద్దయ్యాక లెఫ్ట్ బ్యాక్‌గా ఆడానంటే ఆ వేసవి చలవే.

ఇక నా ఐదుగురు.

అజీజుద్దీన్, నూర్ మహమ్మద్. వీళ్లిద్దరి గురించి నాకు సందేహమే లేదు. ఇద్దరూ 1952 హెల్సింకి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ రెండూ ఆడారు. ఊరి జట్టుకు ఆడుతూనే అంత దూరం వెళ్లారు.

తర్వాత తులసీదాస్ బలరామ్. మాకు పక్కనే ఉన్న అమ్ముగూడ ఆయనది. కొత్త బూట్లు కొనే స్తోమత లేక పాత పోలీసు బూట్లను ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకుని ఆడారు. రాష్ట్రాల జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీ 1956లో, మళ్లీ 1957లో మనకొచ్చింది. ఆ కాలంలో వెలుగులోకి వచ్చిన కుర్రాడు ఆయన. రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ కొట్టారు. ఛాతీ జబ్బుతో 1963లోనే ఆట ఆపేయాల్సి వచ్చింది. ముప్పయ్యేళ్లు కూడా నిండలేదు అప్పటికి.

నాలుగు, మహమ్మద్ హబీబ్. ఐదు, పీటర్ తంగరాజ్.

చిక్కు ఇక్కడే. నేను పెట్టుకున్న రూలు ఏంటంటే, మన ఊరి జెర్సీ వేసుకుని ఆడినవాళ్లే లెక్కలోకి రావాలి. బలరామ్ పేరు మోగింది కోల్‌కతా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌లో. హబీబ్ 1966లోనే కోల్‌కతా వెళ్లిపోయారు. తంగరాజ్ సికింద్రాబాద్‌లో చిన్న క్లబ్బులకు సెంటర్ ఫార్వర్డ్‌గా మొదలుపెట్టి, మిలిటరీలో చేరి, గోల్ కీపరై, సైనిక దళాల జట్టు సర్వీసెస్‌కు ఆడారు. రూలు గట్టిగా పాటిస్తే నా జాబితాలో ఇద్దరే మిగులుతారు. 2023 ఫిబ్రవరిలో బలరామ్, అదే ఏడాది ఆగస్టు 15న హబీబ్ పోయారు. ఆ రెండు రోజులూ పొద్దున్నుంచి రాత్రిదాకా ఏ పనీ చేయలేకపోయాను. అలాంటివాళ్లను తీసేయడానికి నాకు చేతులు రావడం లేదు. మీరేమంటారు?

జింఖానా పాతకాపు:

బాబూ, మీ తాతగారి గ్లాసుల సంగతి చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. నాకు డెబ్బై నాలుగేళ్లు. మాది మారేడుపల్లి.

మీ రూలు తప్పని నా అభిప్రాయం. కోల్‌కతా వెళ్లడాన్ని మీరు ఊరు వదిలేయడం అనుకుంటున్నారు. అప్పుడు ఇక్కడ ఏముంది? పోలీస్‌లోనో మరో ఆఫీసులోనో ఉద్యోగం ఇస్తారు, జీతంతో పాటు ఆట. స్టేడియం నిండా జనం, లీగ్ మొత్తం పోటీ, పత్రికల్లో రోజూ వార్తలు కావాలంటే కోల్‌కతానే. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది, అదీ బెంగాల్‌నే ఓడించి. ఆ వెంటనే నయీముద్దీన్, హబీబ్ ఇద్దరినీ ఈస్ట్ బెంగాల్ తీసుకుపోయింది. మనవాళ్లు బాగా ఆడారు కాబట్టే పట్టుకుపోయారు.

హబీబ్ ఆటలో ఒక సంగతి మీరు రాయలేదు. ఆయనది పెద్ద ఒళ్లు కాదు. కానీ తన కాలి దగ్గరి బంతి పోతే అది మళ్లీ దొరికేదాకా వెంటపడేవాడు. ఉద్యోగం ఇస్తామంటే వద్దని, ఆటే నా వృత్తి అని నిలబడ్డ మనిషి. ఆ కాలంలో అది ఎంత తెగువో నాలాంటి ఉద్యోగస్తుడికి బాగా తెలుసు. 1977లో పెలే న్యూయార్క్ కాస్మోస్‌తో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్ 2-2తో నిలబడింది. ఆ రెండు గోల్స్‌లో ఒకటి మన హబీబ్‌ది. మా ఆఫీసులో ఆ మర్నాడు పేపరు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కున్నాం. అందులో పేరు చూసి "మనోడు" అన్నామే తప్ప, ఎవరి జెర్సీ అని ఒక్కరూ అడగలేదు.

నయీముద్దీన్‌ను మీరు మర్చిపోవడం మాత్రం నాకు కష్టంగా ఉంది. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కంచు పతకం తెచ్చిన జట్టుకు కెప్టెన్ ఆయన. ఆటగాడిగా అర్జున, కోచ్‌గా ద్రోణాచార్య, రెండూ అందుకున్నారు. ఆ జట్టులో హబీబ్ కూడా ఉన్నాడు. మనకు ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత పతకమే రాలేదు.

పసుపు జెర్సీ:

అన్నా, నేను మీ రూలు వైపే. కానీ దాన్ని చివరిదాకా పాటించండి. ఊరి జెర్సీ వేసుకుని ఆడినవాళ్లే మనవాళ్లయితే, నైజీరియా నుంచి వచ్చిన ఒగ్బెచే మనవాడే. గోవాలో పుట్టిన లక్ష్మీకాంత్ కట్టిమణి కూడా మనవాడే.

నాకు ఇరవై ఆరు. నాకు చాప మీద ఆట చూపించిన తాత లేడు. మా ఇంట్లో అందరిదీ క్రికెట్. నాకు ఫుట్‌బాల్ అంటే గచ్చిబౌలి స్టేడియం, హైదరాబాద్ ఎఫ్‌సీ. 2022 మార్చి 20న ఫటోర్డాలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్ చూడ్డానికి ఇద్దరు స్నేహితురాళ్లతో గోవా వెళ్లాను. స్టాండ్స్ నిండా పసుపు రంగే, కానీ అది కేరళ బ్లాస్టర్స్ అభిమానుల పసుపు. మైదానంలో పసుపు వేసుకున్నది మాత్రం మనవాళ్లు. ఆ రోజు కేరళ జట్టు నలుపులో ఆడింది. కేరళ గోల్ కొట్టినప్పుడు చుట్టూ లేచిన అరుపుకు నా పక్కనున్న అమ్మాయి ఏడుపు మొహం పెట్టేసింది. టెన్షన్‌తో నా చేతిలోని వాటర్ బాటిల్ నలిగి పలకలా అయిపోయింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి వలలో పడింది. అప్పుడు మా ముగ్గురి గొంతులే మాకు వినిపించాయి.

పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపాడు. మూడోది ఆపాక ఆయన లేచి అరవలేదు, గ్లౌజులు సర్దుకుంటూ పక్కకి నడిచాడు. ఆ నడక నాకు ఇంకా కళ్లముందే ఉంది. హాలిచరణ్ నర్జారీ చివరి కిక్ వేశాడు, 3-1, కప్పు మనది. ఆ సీజన్లో ఒగ్బెచే 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ అందుకున్నాడు. పద్దెనిమిదేళ్లు నిండకముందే 2002 వరల్డ్ కప్ ఆడిన మనిషి, ముప్పై ఏడేళ్లకి మన జట్టుకు అన్ని గోల్స్ ఇచ్చాడు.

2025లో క్లబ్బే ఢిల్లీకి వెళ్లిపోయింది. అందుకే అడుగుతున్నాను. ఒకప్పుడు ఆటగాళ్లు వెళ్లిపోయారని మీరు బాధపడుతున్నారు. మాకు జట్టే వెళ్లిపోయింది. ఆ మూడు నాలుగేళ్లు ఇక్కడ మాకోసం ఆడినవాళ్లను కూడా "బయటివాళ్లు" అని తీసేస్తే మా తరానికి ఇంకేం ఉంది?

లెఫ్ట్ వింగ్ 11:

షబ్బీర్ అలీ పేరు ఎవరూ ఎత్తలేదేంటి? 1974లో బ్యాంకాక్‌లో ఏషియన్ యూత్ టైటిల్‌ను ఇరాన్‌తో కలిసి పంచుకున్న మన జట్టుకు కెప్టెన్ మన హైదరాబాదీనే. సికింద్రాబాద్ నుంచి విక్టర్ అమల్‌రాజ్ కూడా ఉన్నాడు. ఐదు సరిపోదు సార్, పదకొండు చేయండి.

బొల్లారం బ్యాక్:

అందరికీ థాంక్స్. రెండు రోజులు ఆలోచించాకే రాస్తున్నాను.

పసుపు జెర్సీ గారూ, మీరన్నది నిజం. నేను రూలు పెట్టింది పాతవాళ్లను కాపాడుకోవడానికి. అదే రూలు మీ కట్టిమణిని లోపలికి తెస్తుందని నాకు తట్టలేదు. ఆ ఫైనల్ నేను ఇంట్లో మా పాపతో కలిసి టీవీలో చూశాను. మూడోది ఆపగానే పాప సోఫా మీంచి దూకి నా మీద పడింది. పాపకు హైదరాబాద్ ఫుట్‌బాల్ అంటే ఆ గ్లౌజులే. ఆ పేరు నేను కాదంటే రేపు నా అజీజ్‌ను తనెందుకు ఒప్పుకోవాలి?

సార్, మీరన్న "మనోడు" మాటతో హబీబ్ విషయం తేలిపోయింది. ఆయన నేర్చుకున్న ఆట ఇక్కడిదే. ఇక నయీముద్దీన్. డిఫెండర్‌గా అజీజ్ ఉన్నాడని ఆయన పేరు పక్కన పెట్టాను. అది సరికాదు. కానీ అజీజ్ గ్లాసును మాత్రం నేను కదపలేను, మా తాత ఊరుకోడు.

తంగరాజ్‌ను తీసేస్తున్నాను, మనసు ఒప్పుకోకపోయినా. 1958లో ఆసియాలోనే గొప్ప గోల్ కీపర్‌గా ఎన్నికైన మనిషి. మన గల్లీల్లో పెరిగినా ఆయన గోల్ కీపరైంది మిలిటరీలో. ఆ ఘనత వాళ్లకే చెందాలనిపించింది. ఆ చోటు కట్టిమణికిస్తున్నాను.

ఇప్పటికి నా వరస: కట్టిమణి, అజీజ్, నూర్, హబీబ్, బలరామ్. నయీముద్దీన్ ఆరోవాడు. షబ్బీర్ అలీ గురించి లెఫ్ట్ వింగ్ ఇంకొంచెం రాస్తే చదవాలనుంది.

జింఖానా పాతకాపు:

తంగరాజ్‌ను తీయడం నాకు నచ్చలేదు, అయినా మీ జాబితా మీది. ఒక్క పేరు మాత్రం చెప్పి వెళ్తాను. యూసుఫ్ ఖాన్. పోలీస్ జట్టులోనే ఉన్నాడు. రోమ్ ఒలింపిక్స్ ఆడాడు, 1962లో జకార్తా బంగారు పతకం జట్టులో ఉన్నాడు, 1966లో అర్జున. వెనకాల ఆడమంటే వెనకాల, ముందు ఆడమంటే ముందు. నాకు పన్నెండో పదమూడో ఏళ్లప్పుడు మా నాన్న భుజం పట్టుకుని ఫతే మైదాన్‌లో ఆయన ఆట చూశాను. తలతో బంతిని ఆపి, అది నేలకు తాకకముందే పక్కవాడికిచ్చాడు. మీ పాపకి చాప మీద ఆట చూపించేటప్పుడు ఒక గ్లాసు ఆయనకి కూడా పెట్టండి. ఏ స్థానంలో పెట్టినా పరవాలేదు.