అప్‌డేట్: జిగ్గీ స్టార్‌డస్ట్ మళ్లీ విన్నాను

బ్రిటిష్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీ 1972 ఆల్బమ్ 'జిగ్గీ స్టార్‌డస్ట్' అందరూ ఆకాశానికెత్తుతుంటే నాకెందుకు ఎక్కడం లేదని పోయిన నెల అడిగాను. పాటలు విడివిడిగా కాకుండా మొదటి నుంచి చివరిదాకా హెడ్‌ఫోన్స్‌లో వినమన్నారు. నాలుగుసార్లు అలాగే విన్నాను.

మొదటి పాట 'ఫైవ్ ఇయర్స్' గొప్పగా ఉంటుందని మీరు చెప్పింది నిజం. ముందు డ్రమ్స్ ఒక్కటే మెల్లగా వస్తాయి. భూమికి ఇంక ఐదేళ్లే మిగిలాయన్న కబురు చెబుతూ చెబుతూ ఆ గొంతు చివరికి అరుపైపోతుంది. ఒళ్లు జలదరించింది. 'మూనేజ్ డేడ్రీమ్' పాట చివర్లో మిక్ రాన్సన్ గిటార్ కోసం రెండుసార్లు వెనక్కి తిప్పాను.

కానీ మధ్యలో పట్టు జారిపోతోంది. 'ఇట్ ఎయింట్ ఈజీ' బోవీ కాదు, రాన్ డేవిస్ రాసిన పాట, 1971లోనే రికార్డు చేసింది. ఆల్బమ్ చెప్పే జిగ్గీ అనే కల్పిత రాక్ స్టార్ కథకీ దానికీ సంబంధమే కనిపించదు. అసలా కథే అతుకుల బొంతలా ఉంది. అతను ఎదగడం సరిగ్గా చూడకముందే పతనం వచ్చేస్తుంది.

1972 జులైలో ఇందులోని 'స్టార్‌మన్' పాటను బ్రిటన్ టీవీలో చూసిన కుర్రాళ్లకు అదెంత కొత్తగా అనిపించి ఉంటుందో ఊహించగలను. నాకు మాత్రం బాగుంది, అంతే. అంతకుముందు ఏడాది వచ్చిన బోవీ ఆల్బమ్ 'హంకీ డోరీ'యే ఇప్పటికీ మనసుకు దగ్గర. హెడ్‌ఫోన్స్ సలహాకి చాలా థాంక్స్ అండీ.