‘చూడ చూడ రుచుల జాడ వేరు’: ఈ పాదంతో ఒత్తులు నేర్పొచ్చు

మూడో తరగతి పిల్లలు ‘గడ్డి’ని ‘గడి’ అని, ‘పండగ’ని ‘పడగ’ అని రాస్తున్నారని, పదేసిసార్లు రాయించినా మళ్ళీ అదే తప్పని నిన్న ఒక మేడం బాధపడ్డారు. మా తరగతిలోనూ ఇదే టెన్షన్ ఉండేది. నాకు దారి చూపింది ఈ వేమన పాదమే.

చూడ, చూడ, రుచుల, జాడ, వేరు. ఆటవెలది అనే ఛందస్సులో రెండో పాదం కదా, అయిదు ముక్కలూ సూర్యగణాలే. అంటే ముక్కకి మూడు మాత్రలు (పలికే కాలానికి కొలత). లఘువుకి, అంటే పొట్టిగా పలికే అక్షరానికి ఒక చప్పట; గురువుకి, అంటే పొడుగ్గా పలికేదానికి రెండు. పిల్లలకి ఈ పేర్లేవీ చెప్పలేదు. ‘పొట్టి’, ‘పొడుగు’ అన్నానంతే.

వాళ్ళు రాతలో ఎక్కువగా వదిలేసేవి దీర్ఘం, సున్న, ఒత్తు. అక్షరాన్ని (ఒత్తైతే దాని ముందున్న అక్షరాన్ని) గురువు చేసేవీ ముఖ్యంగా అవేగా! ‘గడి’కి రెండు చప్పట్లు, ‘గడ్డి’కి మూడు. ‘పడగ’కి మూడు, ‘పండగ’కి నాలుగు. రాతలో జారిపోయింది చప్పట్లలో పట్టుబడుతుంది.

తర్వాత అదే నడకలో తలా ఒక పాదం రాయమన్నాను. ఒక పాప పలక మీద ‘పాల బువ తినగ పాప వచె’ అని రాసింది. రాసింది రాసినట్టే చదువుతూ చప్పట్లు కొట్టాను. ‘బువ’ దగ్గర రెండుకే ఆగిపోయింది. “కాదు సార్, బువ్వ!” అంటూ పలక లాక్కుని వ ఒత్తు పెట్టింది. ‘వచె’ సంగతి నేను ఎత్తనేలేదు. తనే కొట్టి చూసుకుని ‘వచ్చె’ అని దిద్దుకుంది. నాలుగో ముక్కకి మళ్ళీ ‘పా’ వచ్చి యతి (పాదం మొదటి అక్షరంతో పొత్తు) కూడా కుదిరింది. ఎందుకలా రాశావంటే, “పాటలాగ ఉంటుందని” అంది. ఆ పలక చెరపడానికి నాకు చేయి రాలేదు.

ఇది విని ఒకరు అడిగారు:

— మరి ‘బాష’, ‘కల్లు’ అని రాసేవాళ్ళని ఏం చేయాలండీ? వీటికి చప్పట్లు మారవుగా?

— మారవండీ, నిజమే. ‘కళ్ళు’ లాంటివాటికి జతలు కట్టిస్తాను: ముల్లు–ముళ్ళు, ఇల్లు–ఇళ్ళు, విల్లు–విళ్ళు. ఒకటైతే ‘ల్లు’, ఎక్కువైతే ‘ళ్ళు’. ‘ఒళ్ళు’ లాంటి మాటలు విడిగా చెప్పాలి. ‘భాష’కి మాత్రం కన్ను అలవాటు పడాల్సిందే. మా తరగతి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను.