గుంజీలు తీసిన రెండో రోజుకి తొడలు పట్టేశాయి, ప్రాక్టీస్ ఆపాలా?

ఈవెంట్స్1600: కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం ప్రాక్టీస్ మొదలుపెట్టాను. ఆదివారం సాయంత్రం 200 గుంజీలు, తర్వాత స్టేడియం మెట్లు ఎక్కి దిగడం, చివర్లో లంజెస్ (ఒక కాలు ముందుకేసి మోకాళ్లు వంచి కిందికి దిగడం). సోమవారం కాళ్లు కాస్త బిగుసుకున్నట్టు అనిపించాయి, అంతే. ఇవాళ మంగళవారం మెట్లు దిగలేకపోతున్నా, కింద కూర్చుంటే గోడ పట్టుకుని లేవాలి. రెండు తొడలూ ముందువైపు ముట్టుకుంటే నొప్పి. మోకాళ్లు బాగానే ఉన్నాయి. లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయింది, మళ్లీ అవే గుంజీలు తీస్తే కరిగిపోతుందని గ్రౌండ్‌లో అంటున్నారు. నిజమేనా? బ్రూఫెన్ వేసుకుని పరిగెత్తొచ్చా?

పిక్కబలం: లాక్టిక్ యాసిడ్‌కీ దీనికీ సంబంధం లేదు బ్రదర్. అది వ్యాయామం ఆపిన గంటలోపే రక్తంలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మీ నొప్పి రెండో రోజుకి ముదిరింది. థియోడోర్ హఫ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1902లోనే ఇది అలసట నొప్పి కాదని, కండరం లోపలి చిరుగుల వల్ల కావచ్చని రాశాడు.

అసలు పని చెడేది కిందికి దిగేటప్పుడే. గుంజీలో పైకి లేచేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటుంది. దిగేటప్పుడు మాత్రం ఒంటి బరువు మోస్తూనే సాగాలి. అలవాటు లేని కండరంలో ఆ సాగుడుకి సన్నటి పోగులు అక్కడక్కడా దెబ్బతింటాయి. తర్వాత వాపు మొదలై అక్కడి నరాలు సున్నితమవుతాయి, దానికి గంటలు పడుతుంది కాబట్టే నొప్పి ఆలస్యం. అలిపిరి 3550 మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కానీ నడిచి దిగినవాళ్లకే మర్నాడు తొడలు పట్టేస్తాయి. మీరు గుంజీలు, మెట్లు దిగడం, లంజెస్ మూడూ ఒకే రోజు పెట్టారు. మూడూ అదే కండరాన్ని అదే తీరున లాగేవే.

సాధారణంగా 24 నుంచి 72 గంటల మధ్య గట్టిగా ఉండి, వారం లోపు పోతుంది.

ఫిజియో అక్క: ముందు ఒక మాట చెప్పు తమ్ముడూ, మూత్రం రంగు ఎలా ఉంది? డికాషన్‌లాగానో కోలాలాగానో ముదురుగా వస్తే, తొడలు ఉబ్బి మోకాలు మడవలేకపోతే, ఈ రోజే ఆసుపత్రికి వెళ్లు. కండరం మరీ ఎక్కువ దెబ్బతింటే అందులోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి వచ్చి కిడ్నీలను పాడుచేస్తుంది. దాన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. కండరం ఎంత దెబ్బతిందో చూసే సీపీకే, కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ రక్తపరీక్షలు చేసి సెలైన్ పెడతారు. అలవాటు లేకుండా ఒక్కసారే వందల గుంజీలు తీయడం, అదీ ఎండలో, నీళ్లు తాగకుండా, ఈ జబ్బుకి బాగా తెలిసిన కారణం. నొప్పి కొద్దీ లాభం అనుకుని దాన్ని భరించడం చాలా ప్రమాదం.

బ్రూఫెన్ వద్దంటున్నది కూడా అందుకే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది కిడ్నీలకి మరింత భారం. నొప్పి కొంత తగ్గిస్తుందేమో గానీ తగ్గిన బలాన్ని తీసుకురాదు. నొప్పి తెలియక నువ్వు ఇంకా గట్టిగా పరిగెడతావు.

ఒక కాలికే నొప్పి ఉన్నా, పరిగెత్తుతుండగా కలుక్కుమన్నా, ముంగాలి ఎముక మీద వేలు పెట్టినచోటే నొప్పి పుట్టినా అది వేరే సంగతి, చూపించుకోవాలి.

ఈవెంట్స్1600: మూత్రం మామూలుగానే ఉంది అక్కా, ఉబ్బు లేదు. శనివారం లాంగ్ జంప్ చేయొచ్చా?

గ్రౌండ్ మాస్టారు: రోజు చూసి కాదు, కాళ్లు చూసి నిర్ణయించుకోండి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి 10 సార్లు లేచి కూర్చోగలగాలి, కమ్మీ పట్టుకోకుండా మెట్లు దిగగలగాలి. ఈ రెండూ కుదిరిన రోజు చదును నేల మీద 15 నిమిషాలు జాగింగ్. మర్నాటికి నొప్పి పెరగకపోతే అప్పుడు జంప్. ఎందుకంటే నొప్పితో పాటు బలం కూడా తగ్గి ఉంటుంది, ఇసుకలో దిగేటప్పుడు మోకాలు అదుపు తప్పుతుంది.

అప్పటిదాకా రోజూ 20-30 నిమిషాలు నడక, లేదా తేలిగ్గా సైకిల్. ఆ కాసేపు నొప్పి సడలుతుంది. మెల్లగా మర్దనా చేయించుకోవచ్చు, పిసకొద్దు. స్ట్రెచింగ్ వల్ల పెద్దగా తేడా ఉండదు. గుడ్లు ఉడికించే తినండి, పచ్చివి సరిగా ఒంటబట్టవు. అవి కండరం బాగవడానికి పనికొస్తాయి, రేపటి నొప్పిని తగ్గించవు.

మళ్లీ గుంజీలు మొదలుపెట్టేటప్పుడు 15 చొప్పున 3 సెట్లు చాలు, మధ్యలో ఒకటిన్నర నిమిషం విరామం. రెండు రోజులు ఆగి మళ్లీ అంతే. తర్వాతి వారం సెట్‌కి రెండు మూడు పెంచండి. మెట్లు, లంజెస్ వేరే రోజుకి మార్చండి. కండరం ఒకసారి ఇలా దెబ్బతిని కోలుకుంటే అదే పనికి కొన్ని వారాల పాటు తట్టుకుంటుంది, చిన్న మోతాదుకి కూడా ఆ రక్షణ వస్తుంది. అందుకే దిగుడు వ్యాయామాలు ఈవెంట్స్‌కి నెల ముందే అలవాటు చేసుకోవాలి. ఆఖరి వారంలో కొత్త వ్యాయామం ఏదీ ముట్టుకోవద్దు.