అన్నం దగ్గర పక్కన కూర్చోవాలంటే భయంగా ఉంది

ప్రశ్న:
మా అమ్మాయికి 15 ఏళ్లు. ఎనిమిది నెలలుగా తిండి తగ్గిస్తూ వచ్చింది. "ఇందాకే తిన్నానమ్మా" అంటే నమ్మాను. పోయిన నెల బట్టలు మడతపెడుతుంటే చొక్కా చేతుల లోపల రక్తపు మరకలు కనిపించాయి. ఉక్కపోతలో కూడా పొడుగు చేతుల చొక్కాలే ఎందుకు వేసుకుంటోందో అప్పుడు అర్థమైంది. డాక్టరు అనొరెక్సియా అన్నారు, లావైపోతామన్న భయంతో తిండి మానేసే జబ్బట. థెరపిస్టేమో ప్రతి పూటా నన్నే వడ్డించి, తినేదాకా పక్కన ఉండమన్నారు. నిన్న రాత్రి గంటన్నర కూర్చున్నాం. ఏడ్చింది. "నువ్వంటే అసహ్యం" అంది. ఇంత పట్టుపడితే మళ్లీ చేతి మీద గాయాలు చేసుకుంటుందేమో. ముందు ఏది ఆపాలి?

జవాబు:
మా అబ్బాయి కూడా అదే మాట అన్నాడమ్మా. మీకు చెప్పింది ఎఫ్‌బీటీ (ఫ్యామిలీ బేస్డ్ ట్రీట్‌మెంట్), అంటే ఇంట్లోవాళ్లే దగ్గరుండి తినిపించే చికిత్స పద్ధతి. 1980లలో లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రి పనిలోంచి వచ్చింది. మొదట తిండి బాధ్యత మనదే, ఆరోగ్యం కుదుటపడే కొద్దీ మెల్లగా పిల్లలకే అప్పగిస్తారు. మేం కంచం ముందు వాదించడం మానేశాం. మా ఆవిడ పక్కన కూర్చునేది, నేను గళ్లనుడికట్టు ఆధారాలు పైకి చదివేవాణ్ణి. మూడో వారానికి వాడే జవాబులు చెప్పసాగాడు. తిన్నాక ఒక గంట ఒంటరిగా వదలకండి, మావాడికి తినడం కన్నా ఆ గంటే కష్టమయ్యేది.

జవాబు:
నేను టీనేజర్లతో పనిచేసే సైకాలజిస్టును. ఒకటి ఆగేదాకా రెండోదాన్ని పక్కన పెట్టలేమండీ. నిన్న రాత్రి సంగతి థెరపిస్టుకు ఈరోజే చెప్పండి. గాయాలు చేసుకునే పిల్లలకు అమెరికా సైకాలజిస్టు మార్షా లైనెహాన్ రూపొందించిన డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే చికిత్సలోని మెళకువలు నేర్పుతారు, బాధ ముంచుకొచ్చిన ఆ కాసేపు ఎలా దాటాలో అందులో సాధన చేయిస్తారు. దాంట్లో ముఖాన్ని చన్నీళ్లలో ముంచే పద్ధతి ఒకటుంది. అది గుండె వేగాన్ని తగ్గిస్తుంది. అనొరెక్సియాలో గుండె ముందే నెమ్మదించి ఉండొచ్చు, కాబట్టి డాక్టరును అడగకుండా చేయించకండి. బ్లేడ్లు, మందులు తాళం వేసి ఉంచండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే గానీ, కళ్లు తిరిగి పడిపోతే గానీ, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న అడిగిన అమ్మ:
సాయంత్రం అడిగాను. నా గొంతు వణికింది. "చచ్చిపోవాలని లేదమ్మా, తిన్నాక నన్ను నేను భరించలేను" అంది. ఇన్ని నెలల్లో నాతో నిజం చెప్పడం ఇదే మొదటిసారి. థెరపిస్టుకు ఫోన్ చేశాను, రేపు పొద్దున్నే ఇద్దరినీ రమ్మన్నారు. మందుల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాను. రాత్రి భోజనానికి గళ్లనుడికట్టు కాగితం తీసి పెట్టుకున్నాను.