పంతులు లేని ఊళ్ళో ట్యాబ్ స్వాహిలి నేర్పగలదా?

దారెస్సలాం_రావు:
నిన్న ఎవరో "ట్యాబ్‌లు దండగ" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. తూర్పు ఆఫ్రికాలోని టాంజానియాలో టాంగా ప్రాంతం సంగతి వినండి. పంతులు లేకుండా పిల్లలే నేర్చుకునే సాఫ్ట్‌వేర్ కోసం పెట్టిన గ్లోబల్ లెర్నింగ్ ఎక్స్‌ప్రైజ్ పోటీవాళ్ళు సుమారు 170 పల్లెల్లో దాదాపు 3,000 మంది పిల్లలకు ట్యాబ్‌లిచ్చి, సోలార్ చార్జింగ్ పెట్టారు. అక్కడి జాతీయ భాష స్వాహిలి చదవడం, రాయడం, లెక్కలు, అన్నీ అందులోనే. నూటికి 74 మంది బడి మొహం చూడనివాళ్ళు. 90 మందికి పైగా స్వాహిలిలో ఒక్క మాటా చదవలేరు. 15 నెలలకు చదవలేనివాళ్ళ సంఖ్య సగానికి తగ్గింది. 2019లో వన్‌బిలియన్, కిట్‌కిట్ స్కూల్ అనే రెండు సాఫ్ట్‌వేర్ బృందాలు బహుమతి పంచుకున్నాయి. ఇంకేం కావాలి?

బడిపంతులు:
మిగతా సగం మాటేమిటి? మా బడికీ ట్యాబ్‌లొచ్చాయి. పగిలినవాటిని బీరువాలో పెట్టి తాళం వేసింది నేను, ఆడిట్‌కు సంజాయిషీ రాసిందీ నేనే. పిల్లాడు పలక మీద వంకరగా రాస్తే చెయ్యి పట్టుకుని దిద్దిస్తాం. ట్యాబ్ దిద్దిస్తుందా?

గోదారి_గాలి:
చార్జింగ్ ఎవరు పెడతారు?

దారెస్సలాం_రావు:
సోలార్ అని రాశాను కదండీ.

గోదారి_గాలి:
వానాకాలంలో?

దారెస్సలాం_రావు:
మాస్టారూ, మీ బీరువా గొడవ టాంగాకు అంటగట్టకండి. అక్కడ చాలామందికి బడే లేదు. పోనీ, బడి ఉన్న పక్క దేశం మలావీ చూడండి. అదే వన్‌బిలియన్ సాఫ్ట్‌వేర్ అక్కడి భాష చిచేవాలో, టీచర్లు ఉండగానే వాడుతున్నారు. ఒక్క గదిలో వందమందికి పైగా పిల్లలుండటం అక్కడ మామూలు. అందరి చేతులూ పట్టుకుని ఎప్పటికి దిద్దిస్తారు?

బడిపంతులు:
అంటే ఇంకో టీచర్ని వెయ్యక్కర్లేదనేగా! డీఎస్సీ కోసం ఏళ్ళ తరబడి కోచింగ్ సెంటర్లలో కూర్చున్నవాళ్ళకు చెప్పండి ఈ మాట.

దారెస్సలాం_రావు:
నేనెక్కడన్నానండీ? చదివేదొకటి, జవాబిచ్చేదొకటి. మీతో వాదించడం నాదే బుద్ధితక్కువ.

సుజాత_కె:
ఇద్దరూ కాస్త తగ్గండి.

మన్యం_కుర్రాడు:
ఇందాకటి నుంచి చూస్తున్నా. టాంగా పల్లెల్లో చాలా ఇళ్ళలో సంబా, డిగో, జిగువా, బొండే మాట్లాడతారు. ఆ పోటీ పెట్టింది స్వాహిలికి. స్థానిక భాష పేరు చెప్పి పెద్ద భాషనే తీసుకొచ్చారు. మాది కోయ ఇల్లు. బళ్ళో కోయ మాట్లాడితే నవ్వారు, తెలుగు తప్పుగా మాట్లాడితే కొట్టారు. ఇప్పుడు నా ఫోన్లో మా పాపకు తెలుగు అక్షరాల ఆటలు బోలెడు. కోయలో వెతికితే ఏమీ దొరకదు. టెక్నాలజీ మీద నాకు కోపం లేదు. గినీలో ఇద్దరు అన్నదమ్ములు తమ ఫులానీ భాషకు 1989లో అడ్లం లిపి తయారుచేసుకున్నారు, 2016లో అది యూనికోడ్‌లోకి, అంటే కంప్యూటర్లు, ఫోన్లు గుర్తించే అక్షరాల జాబితాలోకి ఎక్కింది. ఇప్పుడు ఫోన్లలో టైపు చేసుకుంటున్నారు. ఏ భాషకు ఖర్చు పెట్టాలో ఎవరు తేలుస్తారన్నదే నా ప్రశ్న.

దారెస్సలాం_రావు:
తమ్ముడూ, టాంజానియాలో 120కి పైగా భాషలున్నాయి. అన్నిటికీ యాప్‌లంటే డబ్బులెక్కడివి? ప్రాథమిక విద్య దాటితే సెకండరీలో పాఠాలు దాదాపు అన్నీ ఇంగ్లీషే. స్వాహిలికే అక్కడ దిక్కులేదు, ఇంక సంబా ఎక్కడ?

మన్యం_కుర్రాడు:
మాకూ తెలుగు గురించి ఇలాగే చెప్పారు. ఇక్కడ బళ్ళలో ఇంగ్లీషు మీడియం అన్నప్పుడు అమ్మభాష చచ్చిపోతోందని పేజీలకు పేజీలు రాసింది మీరే కదా రావుగారూ. అమ్మలు మీ ఇళ్ళలోనే ఉంటారా?

బడిపంతులు:
భలే అడిగాడు. నన్నూ కోయ ఊరికి వేశారు, ఒక్క మాట రాకుండానే. వాళ్ళు నా మొహం చూడటం, నేను వాళ్ళ మొహం చూడటం. నాకు కోయ నేర్పించమని అర్జీ పెడితే బదులే రాలేదు. అందుకే అంటున్నా, ముందు టీచరు...

గోదారి_గాలి:
మళ్ళీ మొదలు.

సుజాత_కె:
ఆఫ్రికన్ స్టోరీబుక్ సైటులో బొమ్మల కథను ఎవరైనా తమ భాషలోకి మార్చుకుని ప్రింటు తీసుకోవచ్చు. బెంగళూరు ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లోనూ అంతే. కోయలో మీరే చేయొచ్చుగా?

మన్యం_కుర్రాడు:
చేస్తానక్కా. కానీ స్వాహిలికి బహుమతి డబ్బులు, మాకు మాత్రం మీరే చేసుకోండని సలహానా?

దారెస్సలాం_రావు:
నేను రాసింది బడి లేని ఊళ్ళ గురించి. కోయకు వేరే చర్చ పెట్టుకోండి.

మన్యం_కుర్రాడు:
పెడతా. అక్కడికొచ్చి స్వాహిలి లెక్కలు మాత్రం చెప్పకండి.