రిటర్న్ లాస్ 20 డీబీ వస్తోంది, అయినా చివరి యాంటెన్నా కింద సిగ్నల్ లేదు

ప్రశ్న:
బిల్డింగ్ లోపల డాస్ (ఒకే సిగ్నల్‌ని కేబుళ్లతో చాలా చిన్న యాంటెన్నాలకి పంచే ఏర్పాటు) వేశాం, 1800 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఎల్‌టీఈ (4జీ). కారిడార్ చివర సీలింగ్ ఓమ్నీ (చుట్టూ అన్ని వైపులా పంపే యాంటెన్నా) దగ్గర ఫోన్‌లో ఆర్‌ఎస్‌ఆర్‌పీ (ఫోన్‌కి అందే సిగ్నల్ బలం) -95 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్స్‌లో చెప్పే పవర్) దాటడం లేదు. ఆ యాంటెన్నాకి వెళ్లే కేబుల్ సుమారు 90 మీటర్ల హాఫ్ ఇంచ్ ఫీడర్, మధ్యలో స్ప్లిట్టర్ (పవర్‌ని బ్రాంచిలకి పంచే ముక్క) లేదు. షాఫ్ట్ దగ్గర నుంచి స్వీప్ చేస్తే (మీటర్‌తో బ్యాండ్ అంతా కొలిస్తే) రిటర్న్ లాస్ (పంపినదానికంటే వెనక్కి తిరిగొచ్చిన పవర్ ఎంత తక్కువో) 20 వచ్చింది, అంటే వీఎస్‌డబ్ల్యూఆర్ (అదే కొలతని నిష్పత్తిగా చెప్పేది) 1.22, పాసే కదా. డిజైన్‌లో యాంటెన్నా దగ్గర 10 డీబీఎం అని ఉంది. మరి లాస్ ఎక్కడ అవుతున్నట్టు, ఎలా కొలవాలి?

జవాబు 1:
మీ కేసులో ఆ 20 చూసే అనుమానపడాలి. 90 మీటర్ల ఫీడర్, జంపర్ (చివర్లో కలిపే పొట్టి కేబుల్), కనెక్టర్లు కలిపితే 1800లో దాదాపు 10 డీబీ పోతుంది, పోయేటప్పుడు 10, తిరిగొచ్చేటప్పుడు 10, కాబట్టి చివర ఏమీ తగిలించకపోయినా, అంటే చివరికి చేరిన పవరంతా వెనక్కి వచ్చినా మీటర్ 20 చూపిస్తుంది! యాంటెన్నా బాగుంటే పవర్ బయటికి పోయి తక్కువే తిరిగొస్తుంది, అప్పుడు 30 దాటాలి. యాంటెన్నా విప్పి మళ్లీ స్వీప్ చేయండి, మీటర్‌లో గీత కదలకపోతే పవర్ అసలు యాంటెన్నా దాకా చేరడం లేదు. తర్వాత డీటీఎఫ్ (లోపం ఎంత దూరంలో ఉందో చూపే కొలత) పెట్టండి, కేబుల్ వెలాసిటీ ఫ్యాక్టర్ (కాంతి వేగంతో పోలిస్తే కేబుల్‌లో సిగ్నల్ వేగం) సరిగ్గా ఇవ్వకపోతే దూరం తప్పు చూపిస్తుంది.

జవాబు 2:
కేబుల్ లాస్ ఒక్కటే కావాలంటే చివర షార్ట్ (పవరంతా వెనక్కి పంపే మూత) పెట్టి, వచ్చిన రిటర్న్ లాస్‌ని రెండుతో భాగించండి. వేరే బ్రాంచిల్లో స్ప్లిట్టర్ ఉంటే ఈ లెక్క పనిచేయదు, దాన్ని తీసి ఒక్కో బ్రాంచి విడిగా కొలవాలి.

జవాబు 3:
10 డీబీఎం అన్నది మొత్తం పవర్, ఆర్‌ఎస్‌ఆర్‌పీ ఒక్క సబ్‌క్యారియర్‌ది (ఎల్‌టీఈ సిగ్నల్‌ని విడగొట్టే సన్నని భాగాల్లో ఒకటి). 20 మెగాహెర్ట్జ్‌లో 1200 సబ్‌క్యారియర్లు, అంటే 31 డీబీ తేడా, కాబట్టి యాంటెన్నా దగ్గరే -21. రెండు మీటర్ల దూరానికి ఇంకో 43 తీసేసి గెయిన్ 2 కలిపితే -62 దగ్గర రావాలి. ఓమ్నీకి సరిగ్గా కింద గెయిన్ తక్కువ, కొంచెం పక్కకి జరిగి చూడండి. అన్నట్టు ఫోన్‌లో పీసీఐ (సిగ్నల్ ఏ సెల్ నుంచి వస్తోందో చెప్పే నంబర్) చూశారా? ఆ -95 బయటి టవర్‌ది కావచ్చు.

ప్రశ్న అడిగినవారు:
పీసీఐ బయటి టవర్‌దే అండి. యాంటెన్నా విప్పినా గీత కదల్లేదు, డీటీఎఫ్‌లో పీక్ యాంటెన్నాకి ముందున్న జంపర్ దగ్గరే వస్తోంది. విప్పి చూస్తే కనెక్టర్ సెంటర్ పిన్ లోపలికి పోయి ఉంది.

జవాబు 1:
జంపర్ మార్చేయండి. బిగించాక పిమ్ (సరిగ్గా బిగియని కనెక్టర్ల వంటి చోట సిగ్నల్స్ కలిసి పుట్టే అనవసర సిగ్నల్) టెస్ట్ కూడా చేయండి, అది స్వీప్‌లో కనపడదు.