భూతద్దంతో వచ్చిన బుల్లి నిఘంటువు: సూక్ష్మ పుస్తకాల సేకరణకు కొలబద్ద ఏమిటి?

ప్రశ్న (హైదరాబాదు నుంచి)

ఆబిడ్స్‌లో ఆదివారం పూట కాలిబాట మీద అమ్మే పాత పుస్తకాల మధ్య ఈమధ్య నాకొక చిన్న లోహపు లాకెట్ దొరికింది. దాని మూతలో గుండ్రని భూతద్దం బిగించి ఉంది. లోపల బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్దదైన ఇంగ్లీషు నిఘంటువు ఉంది. ప్రచురణకర్తగా గ్లాస్గో నగరానికి చెందిన డేవిడ్ బ్రైస్ అండ్ సన్ పేరు కనిపిస్తున్నది గాని, అచ్చయిన సంవత్సరం మాత్రం ఎక్కడా లేదు. ఇంత చిన్న అక్షరాలను ఆ రోజుల్లో ఎలా అచ్చువేశారో, దీనిని ఎలా భద్రపరచాలో తెలిసినవారు చెప్పగలరా? దీనితో మొదలుపెట్టి ఇటువంటి పుస్తకాలను సేకరించాలని ఉంది. ఎంత చిన్నదైతే అంత విలువైనదని అనుకోవాలా, లేక వేరే కొలబద్ద ఏదైనా ఉందా?

మొదటి జవాబు (విజయవాడ నుంచి)

మీకు దొరికినది 1890లలో బ్రైస్ వెలువరించిన నిఘంటువు. ప్రపంచంలోకెల్లా చిన్న ఇంగ్లీషు నిఘంటువు అని చెప్పుకొని ఆయన దానిని అమ్మారు. అందులోని అక్షరాలను ఎవరూ అంత చిన్నవిగా పోతపోయలేదు. మామూలు పరిమాణంలో ఉన్న పేజీలను ఫొటో తీసి, బాగా కుదించి, ఆ ప్రతిబింబాన్ని లిథో పద్ధతిలో, అంటే సీసపు అక్షరాలు కూర్చకుండా చదునైన పలక మీదికి ఎక్కించి, అచ్చువేశారు. కాగితం ఎంత పలచగా ఉన్నా వెనుక పేజీలోని అక్షరం ఇవతలికి కనిపించకుండా ఉండటానికి కారణం ఇండియా పేపర్ అని పిలిచే ప్రత్యేకమైన కాగితం. ఆ కాగితమే లేకపోతే నిఘంటువు మొత్తాన్ని ఒక లాకెట్‌లో ఇమడ్చటం సాధ్యమయ్యేది కాదు. బ్రైస్ ఇదే తీరులో బైబిలును, ఖురానును కూడా వెలువరించారు.

దీనికి భిన్నంగా, ఇటలీలోని పాదువా నగరంలో సాల్మిన్ సోదరులు 1896లో గెలీలియో రాసిన ఒక లేఖను పుస్తకంగా అచ్చువేశారు. దాని కొలత సుమారు 15 మిల్లీమీటర్ల పొడవు, 9 మిల్లీమీటర్ల వెడల్పు. అందులో ప్రతి అక్షరమూ ఈగ కన్ను అని పేరుపడ్డ అతి చిన్న సీసపు టైపును చేత్తో ఏరి కూర్చినదే. 1878లో వారు అచ్చువేసిన ఇటలీ మహాకవి దాంతే కావ్యానికి వాడినదీ ఈ టైపే. అక్షరాలు కూర్చే కంపోజిటర్ల కళ్ళకు అది ఎంత శ్రమ పెట్టి ఉంటుందో ఊహించగలం. చేతి అచ్చుతో చేసిన పుస్తకాలలో నాకు తెలిసినంతలో దీనిని మించిన పనితనం లేదు.

పరిమాణం విషయానికి వస్తే, అమెరికాలోని సేకర్తలు ఏ వైపు చూసినా 3 అంగుళాలు మించని పుస్తకాన్నే సూక్ష్మ పుస్తకంగా లెక్కిస్తారు. ఇతర చోట్ల 4 అంగుళాల దాకా ఒప్పుకునేవారు ఉన్నారు. జపానుకు చెందిన టొప్పన్ సంస్థ 2013లో 0.75 మిల్లీమీటర్ల పుస్తకాన్ని తయారుచేసింది. అది సాంకేతిక విజయమే, సందేహం లేదు. అయినా చేత్తో పట్టుకొని పేజీ తిప్పి చదవగలిగినదే పుస్తకమని నా అభిప్రాయం, అందువల్ల మీరు చదవదగినతనాన్నే కొలబద్దగా పెట్టుకోవాలని నా సలహా.

రెండవ జవాబు (విశాఖపట్నం నుంచి)

పై జవాబులోని వివరాలన్నీ నాకు ఎంతో నచ్చాయి గాని, కొలబద్ద విషయంలో మాత్రం నేను విభేదిస్తాను. బ్రైస్ ఖురాన్లను మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ పక్షాన పోరాడిన ముస్లిం సైనికులు ఒంటిమీద ధరించారు. వాటిని కందకాలలో కూర్చొని భూతద్దంతో పారాయణ చేయటం వారి ముఖ్యోద్దేశం కాదు, అవి తమను కాపాడతాయన్న నమ్మకమే వారికి ముఖ్యం. అరబ్బు తెగల నాయకుడు ఔదా అబూ తాయి అటువంటి ఒక ఖురానును 120 పౌన్లు పెట్టి కొన్నాడనీ, ఆ తరువాత తనకు ఒక్క గాయం కూడా తగలలేదని నమ్మేవాడనీ ఆ యుద్ధంలో అరబ్బులతో కలిసి పనిచేసిన బ్రిటిష్ అధికారి టి. ఇ. లారెన్స్ రాశారు. అది గ్లాస్గోలో అచ్చయిన 18 పెన్నీల ప్రతి అని కూడా ఆయనే చెప్పారు. చదవటాన్నే ప్రమాణంగా తీసుకుంటే ఆ పుస్తకానికి ఔదా జీవితంలో ఉన్న విలువ మన లెక్కలోకే రాదు.

కాబట్టి ప్రతి సూక్ష్మ పుస్తకాన్నీ ఇది ఎందుకు చిన్నదయింది అని అడగటం మంచిదని నేను భావిస్తాను. ఇంగ్లండులోని హావర్త్‌లో, తరువాత నవలా రచయిత్రులుగా పేరుపొందిన షార్లెట్ మొదలైన బ్రాంటీ కుటుంబపు పిల్లలు 1830 ప్రాంతంలో చేత్తో రాసి కుట్టుకున్న చిట్టి పత్రికలు తమ బొమ్మ సైనికులు పట్టుకొని చదవటానికి తగిన పరిమాణంలో ఉన్నాయి. విండ్సర్ కోటలో ఉన్న, బ్రిటన్ రాణి మేరీ కోసం చేసిన బొమ్మరిల్లును 1920లలో ఒకటికి పన్నెండో వంతు నిష్పత్తిలో కట్టారు గనుక, దాని గ్రంథాలయంలోని పుస్తకాలు కూడా ఆ నిష్పత్తికే ఒదిగాయి. వాటిలో కొన్నింటిని ఆనాటి ప్రసిద్ధ రచయితలు స్వయంగా చేత్తో రాసి ఇచ్చారు. ఈ రెండు చోట్లా ఆ చిన్న పరిమాణానికి ఒక పాఠకుడు ఉన్నాడు, ఆ పాఠకుడు బొమ్మ అయినా సరే.

మన సంగతికి వస్తే, తెలుగులో ఒత్తులు అక్షరం కిందికీ, గుడులు పైకీ పోవటం వల్ల వరుసకూ వరుసకూ మధ్య ఎక్కువ చోటు వదలవలసి వస్తుంది. అందువల్ల ఇంగ్లీషును కుదించినంతగా మన లిపిని కుదించలేము. అయినా దేవాలయాల ముందు దుకాణాలలో అమ్మే అరచేతి హనుమాన్ చాలీసాలు, జేబు పంచాంగాలు ఉన్నాయి. ఏడాది తిరిగేసరికి పంచాంగాన్ని పారేస్తారు, జేబులో నలిగిన చాలీసా స్థానంలో కొత్తది కొంటారు. వీటిని పద్ధతిగా దాచినవారు బహు తక్కువ. గ్లాస్గో పుస్తకాల కోసం వెతుకుతూనే వీటిని కూడా చేర్చుకుంటే, మీ సేకరణలో వేరెవరి దగ్గరా లేని భాగం ఇదే అవుతుంది.

మూడవ జవాబు (చెన్నై నుంచి)

భద్రపరచటం గురించి అడిగారు కనుక ఆ భాగం నేను చెబుతాను. ముందుగా పుస్తకాన్ని లాకెట్ నుంచి బయటకు తీసి, ఆమ్లం లేని పలచని కాగితంలో విడిగా చుట్టి పెట్టండి. మన వాతావరణంలో లోహం తుప్పుపడితే ఆ మరక ముందు అట్టకు, తరువాత పేజీల అంచులకు పాకుతుంది. అయితే లాకెట్‌ను మాత్రం పారేయవద్దు. పెట్టె, పగలని భూతద్దం, పుస్తకం మూడూ కలిసి ఉంటేనే సేకర్తలు దానిని పూర్తి ప్రతిగా పరిగణిస్తారు.

ఇంత చిన్న పుస్తకంలో వెన్ను పొడవు తక్కువ కావటం వల్ల బలమంతా ఒకే చోట పడి, కుట్టు త్వరగా వదులవుతుంది. కనుక పుస్తకాన్ని ఎన్నడూ పూర్తిగా పరచకుండా, సగం కన్నా తక్కువగా తెరిచి, పక్కనుంచి వెలుతురు పడేలా పెట్టుకొని, పాత భూతద్దానికి బదులు గడియారాలు బాగుచేసేవారు వాడే పదింతల భూతద్దంతో చూడండి. చిరిగిన చోట సెల్లోటేపు అంటించవద్దు.

కొనుగోళ్ళ విషయంలో ఒక మాట. పేజీలు మరీ తెల్లగా, మెరుస్తూ ఉంటే అది ఈ కాలపు పునర్ముద్రణ కావచ్చు. అలాగే, 100 ఏళ్ళు దాటిన చారిత్రక వస్తువులను విదేశాలకు పంపటాన్ని 1972 నాటి పురావస్తు చట్టం కట్టడి చేస్తుంది గనుక, మీ ప్రతిని ఎప్పుడైనా విదేశీ సేకర్తతో మార్పిడి చేసుకోవాలనుకుంటే ముందుగా భారత పురావస్తు శాఖ వారిని సంప్రదించండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ కృతజ్ఞతలు. పుస్తకాన్ని లాకెట్ నుంచి వేరుచేసి కాగితంలో చుట్టాను. ఇకమీదట చేరే ప్రతి పుస్తకానికీ ఒక కార్డు రాసి, కొలతలతోపాటు అది ఎవరి కోసం, ఎందుకు అంత చిన్నదిగా తయారైందో కూడా నమోదు చేయాలని నిర్ణయించుకున్నాను. జేబు పంచాంగాలలో పాత సంవత్సరాలవి ఎవరి ఇంట్లోనైనా మిగిలి ఉంటే దయచేసి ఇక్కడ తెలియజేయగలరు.